మిర్చి కొట్టు లెక్కలకు సెల్ ఎడిటర్లు రాసిన సీజన్: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బ్రౌజర్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. 2024 నవంబరులో మొదలైన పని. డబ్బులు పూర్తిగా చేతికొచ్చేసరికి 2025 జూన్ అయింది. లాగిన్, రిపోర్టులు, బ్యాకప్ లాంటివి ఎవరు చేసినా ఒకటే, వాటి జోలికి పోను. నాకు నిద్ర లేకుండా చేసింది పట్టికలో ఒక గడి మీద ఎంటర్ కొడితే తెరుచుకునే చిన్న పెట్టె. సెల్ ఎడిటర్ అంటారు దాన్ని. ఇలాంటి పని ఒప్పుకోబోతున్నవాళ్లు రేటు చెప్పే ముందు ఇది చదువుకుంటే కొంచెం మేలు జరుగుతుందని రాస్తున్నాను.

నవంబరు మొదటి వారంలో ఫోన్ వచ్చింది. కొట్టు యజమాని మా అన్నయ్య స్నేహితుడి బంధువు. వాళ్ల దగ్గరున్నది పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాం. రాసినాయన ఊరొదిలి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఒక్క కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఆ కంప్యూటర్ కూడా రోజులు లెక్కపెట్టుకుంటోంది. కోల్డ్ స్టోరేజీ దగ్గర కూర్చునే తమ్ముడికి కూడా అదే లెక్క కనపడాలని ఆయన కోరిక. "కొత్తగా ఏం చెయ్యొద్దమ్మా. అచ్చం ఇట్టాగే ఉండాలి, కాకపోతే నెట్‌లో ఉండాలి" అన్నారు. తేలికైన పనే కదా అనిపించేలా చెప్పారు మరి.

పని మొదలుపెట్టే ముందు కొట్లో కూర్చుని చూస్తానని అడిగాను. నవంబరులో యార్డుకి కొత్త సరుకు పెద్దగా ఉండదు, కోల్డ్ స్టోరేజీల్లోంచి దిగే పాత నిల్వే ఎక్కువ. కాబట్టి నాకో కుర్చీ దొరికింది. మొదటి గంట దగ్గుతోనే సరిపోయింది. మాస్కు తీసుకెళ్లండి, దుపట్టా అడ్డం పెట్టుకుంటే ఆగే ఘాటు కాదు.

అక్కడ ఎంట్రీ చేసేది గుమస్తా గారు. యాభై దాటిన మనిషి. ఎడమ చేతిలో కాటా చీటీల కట్ట ఉంటుంది, బొటనవేలితో ఒక్కొక్కటీ పక్కకి జరుపుతుంటారు. కుడి చెయ్యి కీబోర్డు కుడి పక్కనున్న అంకెల మీద. కళ్లు చీటీ మీదే. 42.5 ఎంటర్, 41 ఎంటర్, 43.5 ఎంటర్. ఒక లాటులో ముప్పై టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉంటే ముప్పై బరువులూ అలా పోతాయి. చివర్న ఒక్కసారి తలెత్తి స్క్రీన్ మీద మొత్తం చూసి, చీటీ మీదున్న మొత్తంతో సరిపోయిందా అని పెదాలు కదుపుతారు. సరిపోతే తర్వాతి చీటీ. ఆ మధ్యలో స్క్రీన్ చూడటం అనేదే లేదు. నేను రాయబోయేది స్క్రీన్ చూడని మనిషి కోసం అని అప్పుడే అర్థమైంది. దాని అర్థం ఎంత దూరం పోతుందో మాత్రం తెలియలేదు.

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ నాకు చేతికి అలవాటైన పని. పట్టికకి ఏజీ గ్రిడ్ అనే రెడీమేడ్ లైబ్రరీ తీసుకున్నాను. దాంట్లో కమ్యూనిటీ ఎడిషన్ ఎంఐటీ లైసెన్సుతో ఉచితం, ఎంటర్‌ప్రైజ్‌కి డెవలపర్‌కి ఇంత అని డాలర్లలో కట్టాలి. టైప్ చేస్తుంటే వెతికి చూపించే డ్రాప్‌డౌన్ ఎడిటర్ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంది. ఉచితంగా వచ్చే సెలెక్ట్ పెట్టె నాలుగైదు మిర్చి రకాలకి సరిపోతుంది గానీ, వేల మంది రైతుల పేర్లలోంచి ఒకటి తియ్యడానికి పనికిరాదు. డాలర్లు అనే మాట వినగానే యజమాని టీ గ్లాసు కింద పెట్టేశారు. సరే, నేనే రాస్తానన్నాను. 90 వేలు చెప్పాను, 70 వేలకి తెగింది. 20 వేలు అడ్వాన్సు, 30 వేలు వాడకం మొదలైన రోజున, మిగిలిన 20 వేలు సీజన్ అయ్యాక. హోస్టింగ్ ఖర్చు వాళ్లది.

డిసెంబరంతా ఇంట్లో కూర్చుని రాశాను. ఎడిటర్ రాయడం అనేది చూడటానికి చిన్న పనే. గ్రిడ్ మీకు పాత విలువ ఇస్తుంది, మీరు ఇన్‌పుట్ పెట్టె చూపిస్తారు, మారినప్పుడల్లా కొత్త విలువని ఆన్ వాల్యూ ఛేంజ్ అనే ఫంక్షన్ ద్వారా గ్రిడ్‌కి చెబుతారు. ఎడిటింగ్ ఆగగానే గ్రిడ్ ఆఖరి విలువ తీసుకుంటుంది. నెట్‌లో దొరికే పాత ఉదాహరణల్లో గెట్ వాల్యూ అనే ఫంక్షన్‌ని బయటికి అందించే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. రెండూ కలపకండి, మీ వెర్షన్‌కి సంబంధించిన డాక్యుమెంటేషన్ పేజీయే చూసుకోండి. పేరు, రకం, బరువులు, రేటు, తేదీ. ఐదు ఎడిటర్లు. బరువులకి మాత్రం గడి మీదే ఒక పాపప్ తెరుచుకుని, కొట్టిన బరువులు వరుసగా పేర్చుకుంటూ పైన మొత్తం చూపించేలా చేశాను. డిసెంబరు మూడో వారానికి నా ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా నడుస్తోంది.

డిసెంబరు చివరి వారంలో మొదటిసారి చూపించాను. గుమస్తా గారు ఏమీ మాట్లాడకుండా ఒక చీటీ తీసుకుని బరువులన్నీ కొట్టి, తలెత్తి మొత్తం చూశారు. మళ్లీ ఇంకో చీటీ. యజమాని నా వైపు, నేను గుమస్తా గారి వైపు. ఆ నిశ్శబ్దంలో టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి ఆయన కళ్లజోడు తీసి అన్న మాట: "మొదటి అంకె మింగేస్తా ఉందమ్మాయ్ ఇది."

నిజమే. గడిలో బరువు కొట్టాలంటే, నేనైతే మౌస్‌తో రెండుసార్లు నొక్కి, పెట్టె తెరుచుకున్నాక టైప్ చేసేదాన్ని. ఆయన మౌస్ ముట్టుకోరు. గడి మీద ఉండగానే 42.5 కొట్టేస్తారు. ఆ మొదటి 4 గ్రిడ్‌కి 'ఎడిటర్ తెరువు' అనే సంకేతంగా పనిచేస్తుంది. తెరుచుకున్న పెట్టెలో మిగతా 2.5 మాత్రమే పడుతుంది. నలభై రెండున్నర కిలోల టిక్కీ రెండున్నర కిలోలైపోయింది. గ్రిడ్ ఆ మొదటి అక్షరాన్ని ఈవెంట్ కీ అనే పేరుతో ఎడిటర్‌కి పంపుతుంది. దాన్ని తీసుకుని పెట్టెలో ముందే పెట్టుకోవాల్సిన బాధ్యత ఎడిటర్ రాసేవాళ్లది.

పెట్టాను. ఇంట్లో మళ్లీ 42.5 కొట్టాను. మళ్లీ 2.5 వచ్చింది!

ఈ రెండోదానికే బుర్ర తిరిగిపోయింది. ఈవెంట్ కీలో 4 వస్తోంది, పెట్టెలో 4 కనిపిస్తోంది, 2 కొట్టగానే మాయమవుతోంది. కారణం నేను ఎడిటర్ తెరవగానే లోపలున్నదంతా సెలెక్ట్ అయ్యేలా పెట్టి ఉండటం. పాత విలువ మీద ఎంటర్ కొట్టి తెరిస్తే అది సౌకర్యమే, కొత్తది కొడితే పాతది పోతుంది. కానీ అంకె కొట్టి తెరిస్తే ఆ అంకె కూడా సెలెక్ట్ అయిపోయి, తర్వాతి అంకె దాని మీద కూర్చుంటుంది. కాబట్టి ఎలా తెరిచారో చూసి నిర్ణయించాలి. ఎంటర్‌తోనో మౌస్‌తోనో తెరిస్తే మొత్తం సెలెక్ట్, అంకెతో తెరిస్తే కర్సర్ చివర్న. ఐదు లైన్ల కోడ్ అది. రెండు జబ్బులకీ లక్షణం ఒకటే కావడంతో, మొదటి మందు పనిచేయలేదేమో అని దాన్ని పీకేసి మళ్లీ పెట్టడంలోనే ఒక రాత్రంతా పోయింది.

ఆ తర్వాత ఎంటర్ గొడవ. గుమస్తా గారికి టాలీ అనే అకౌంట్ల ప్రోగ్రాం కూడా వచ్చు, అక్కడ ఎంటర్ కొడితే తర్వాతి ఖాళీకి వెళ్తుంది. గ్రిడ్‌లో మామూలుగా ఎంటర్ ఎడిటింగ్ మొదలుపెడుతుంది, ఇంకో ఎంటర్ ముగించి అక్కడే నిలబడుతుంది. పక్కకి వెళ్లాలంటే ట్యాబ్. ట్యాబ్ కీ ఎడమ చేతి వైపు ఉంటుంది, ఆ చేతిలో చీటీలున్నాయి. "ట్యాబ్ అలవాటు చేసుకుంటారా?" అని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. సప్రెస్ కీబోర్డ్ ఈవెంట్ అనే సెట్టింగ్‌తో గ్రిడ్ చేసే పనిని ఆపి, ఎడిటింగ్ ముగించి, తర్వాతి గడికి వెళ్లమని నేనే చెప్పాను. వరుస చివరికి వస్తే కొత్త వరుస పుట్టాలి. చదవడానికి మాత్రమే ఉన్న గడులు, అంటే మొత్తం, కమీషన్, హమాలీ లాంటివి, దాటేయాలి. ఇదంతా రాశాక ఎఫ్2 దగ్గర ఆగిపోయాం. గ్రిడ్‌లో ఎఫ్2 అంటే ఆ గడిని దిద్దడం, టాలీలో తేదీ మార్చడం. తేదీకే ఇచ్చేశాను. వాడేది ఆయన.

బరువుల పాపప్‌లో ఎంటర్ ఇంకో రకంగా ఏడిపించింది. లోపల ఎంటర్ కొడితే బరువు జాబితాలో చేరి పెట్టె ఖాళీ అవ్వాలి. కానీ మొదటి ఎంటర్‌కే పాపప్ మూసుకుపోతోంది. సరే, ఎంటర్ పైకి పోకుండా రియాక్ట్ హ్యాండ్లర్‌లో స్టాప్ ప్రొపగేషన్ పెట్టాను. అయినా మూసుకుపోతోంది. రియాక్ట్ 17 నుంచి ఈవెంట్లన్నీ (కీ నొక్కడం లాంటివి) యాప్ రూట్ దగ్గర, అంటే యాప్ అంతటికీ పైనున్న డబ్బా దగ్గర వింటుంది. గ్రిడ్ మాత్రం లోపలున్న తన సొంత డబ్బా (డివ్) మీద నేరుగా వింటుంది. కీ నొక్కిన వార్త కింద నుంచి పైకి పోయేటప్పుడు ముందు గ్రిడ్‌కి తగిలి, ఆ తర్వాత రూట్‌కి చేరుతుంది. నేను ఆపమని చెప్పేసరికే గ్రిడ్ తలుపు వేసేసింది. ఇక్కడ కూడా పై సెట్టింగే దిక్కు. పాపప్ తెరిచి ఉంటే ఎంటర్ జోలికి రావద్దని గ్రిడ్‌కే చెప్పాలి. ఖాళీ పెట్టె మీద ఎంటర్ కొడితే లాటు అయిపోయినట్టు. ఇది గుమస్తా గారి ఆలోచన, పాత ప్రోగ్రాంలో అలాగే ఉండేదట. ముందే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు అడగలా" అన్నారు.

జనవరి సంక్రాంతి సెలవుల్లో పేర్ల మీద కూర్చున్నాను. 13 భోగి, 15 కనుమ, మధ్యలో కొట్టు మూత. ఆ ఖాళీలో పాత డేటా అంతా తెచ్చుకుని చూస్తే ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఫోను నంబరు ఉన్న రైతు రెండుసార్లు కనిపిస్తున్నాడు. పక్కపక్కన పెట్టి చూసినా అక్షరం తేడా లేదు. ఒక్కో అక్షరం కోడ్ నంబర్లు ప్రింటు తీస్తే దొరికింది. ఒకదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. యూనికోడ్‌లో 200సి. వత్తు కింద పడకుండా పొల్లు విడిగా కనపడాలంటే తెలుగులో అది వేస్తాం. పదం చివర ఉంటే ఉన్నా లేకపోయినా ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేర్వేరు. ఒకరు ఒక కీబోర్డుతో, ఇంకొకరు ఇంకోదాంతో కొట్టి ఉంటారు. చూపించడానికి పేరు ఉన్నదున్నట్టు ఉంచి, వెతకడానికి ఆ గుర్తుని తీసేసి, యూనికోడ్ నార్మలైజ్ చేసిన (ఒకే అక్షరానికి ఒకే కోడ్ పడేలా సరిచేసిన) ఇంకో కాలమ్ పెట్టాను. దాంతో పాటు ఫోను నంబరు ఆఖరి నాలుగు అంకెలతో కూడా దొరికేలా చేశాను. చివరికి గుమస్తా గారు వాడేది ఆ నాలుగు అంకెలే. తెలుగులో కొట్టాలంటే కుడి చెయ్యి అంకెల మీద నుంచి లేవాలి కదా.

తెలుగులో టైప్ చేసేది కోల్డ్ స్టోరేజీ దగ్గరున్న తమ్ముడు. ఆయన ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో సూచనలు చూపించే ఫొనెటిక్ కీబోర్డు వాడతారు. సూచన ఒప్పుకోవడానికి ఎంటర్ కొడితే నా ఎడిటర్ దాన్నే ముగింపు అనుకుని సగం పేరుతో మూసుకునేది. కీ ఈవెంట్‌లో ఈజ్ కంపోజింగ్ అని ఒకటుంటుంది, అది నిజమైనంతసేపూ ఎంటర్‌ని పట్టించుకోకూడదు. మన భాషల్లో ఎంట్రీ ఉన్న ఏ ఎడిటర్‌కైనా ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి. ఇంగ్లిష్ మాత్రమే కొట్టి పరీక్షిస్తే ఇది జన్మలో బయటపడదు. పేర్ల జాబితాతో ఇంకో తంటా. ఆ జాబితాని పేజీ బాడీలో విడిగా వేలాడదీస్తే, మౌస్‌తో పేరు నొక్కడాన్ని గ్రిడ్ 'బయట నొక్కారు' అనుకుని ఎడిటర్ మూసేస్తుంది. దానికి ఏజీ గ్రిడ్ ఒక ప్రత్యేకమైన సీఎస్‌ఎస్ క్లాస్ పేరు ఇచ్చింది, ఆ క్లాస్ తగిలిస్తే లోపలిదిగానే లెక్కేసుకుంటుంది. డాక్యుమెంటేషన్‌లో ఓ మూల ఉంది.

అంకెల సంగతి గబగబా చెప్పేస్తాను. ఎక్సెల్ నుంచి 1,25,000 అని తెచ్చి అతికిస్తే, అక్షరాలని అంకెగా మార్చే పార్స్ ఫ్లోట్ ఫంక్షన్ మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అని ఇస్తుంది. లక్షా పాతికవేలు ఒక్క రూపాయి అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. కామాలు ముందే తీసేయండి. చూపించేటప్పుడు మన లెక్కలో లక్షల దగ్గర కామా పడాలంటే జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ నంబర్ ఫార్మాట్‌కి భారతదేశం లొకేల్ ఇస్తే చాలు. జావాస్క్రిప్ట్‌లో 4.35ని 100తో గుణిస్తే 435 రాదు, 434.99999999999994 వస్తుంది. అందుకని ఎడిటర్ దాటి లోపలికి వెళ్లే ప్రతి బరువూ గ్రాముల్లో, ప్రతి మొత్తం పైసల్లో పూర్ణాంకంగానే పెట్టాను. తేదీలో 03/02/2025 అని కొట్టినదాన్ని నేరుగా జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇస్తే మార్చి 2 అయిపోతుంది. సరిగ్గా ఫిబ్రవరి 3 అర్ధరాత్రిగా చేసినా, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో రాసే ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మార్చగానే ఐదున్నర గంటలు వెనక్కి జరిగి ఫిబ్రవరి 2 అని పడుతుంది. తేదీని తేదీగానే, అక్షరాల రూపంలో దాచుకోవడం సుఖం. ఇన్‌పుట్ రకం నంబర్ అని పెడితే ఇంకో బాధ, కర్సర్ అందులో ఉండగా మౌస్ చక్రం తిప్పితే అంకె మారిపోవచ్చు. యజమాని మౌస్ తిప్పుతూ చూసే మనిషి. అన్ని చోట్లా టెక్స్ట్ రకమే పెట్టి, అంకెలు మాత్రమే ఒప్పుకునేలా రాశాను.

ఫిబ్రవరి 3 సోమవారం నుంచి వాడకం మొదలు. రెండో విడత 30 వేలు ఆ రోజే ఇస్తామన్నారు, పదో తేదీ దాటాక వచ్చింది. రెండు వారాలు పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ కొట్టి సాయంత్రం పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) సరిచూసుకోవాలని ఒప్పందం. కొత్త కాయ దిగుబడి మొదలై యార్డు నిండిపోతున్న రోజులు. ఒకే మనిషి రెండుసార్లు కొట్టే ఓపిక ఎవరికుంటుంది? నాలుగో రోజుకే పాతది పక్కన పెట్టేశారు. నాకు చెప్పలేదు కూడా. తెలిశాక గుండె ఆగినంత పనైంది.

ఆ వారంలో వచ్చిన ఫిర్యాదులు ఇంట్లో ఎన్ని పరీక్షలు చేసినా తెలిసేవి కావు. మొదటిది, "కొడతా ఉంటే మధ్యలో పోతోంది." తమ్ముడి ఎంట్రీలు ఇక్కడ కనపడాలని అర నిమిషానికోసారి వరుసలన్నీ సర్వర్ నుంచి తెచ్చి మారుస్తున్నాను. ఏ వరుస ఏదో గుర్తుపట్టే గెట్ రో ఐడీ ఇవ్వకపోతే గ్రిడ్ అన్నిటినీ కొత్తవే అనుకుని పాతవి కూల్చేస్తుంది, తెరిచున్న ఎడిటర్‌తో సహా. ఐడీ ఇచ్చాను. దాంతో పాటు, ఎవరైనా గడి తెరిచి ఉన్నంతసేపూ రిఫ్రెష్‌ని ఆపి, మూశాక తెచ్చేలా పెట్టాను.

రెండోది ఇంకా వింత. ఎంటర్ ఒక్కసారి కొడితే రెండు మూడు గడులు దాటిపోతోందట, అదీ మధ్యాహ్నం తర్వాతే ఎక్కువట. వెళ్లి చూస్తే కీబోర్డు నిండా మిర్చి పొడి. ఎంటర్ కీ నొక్కితే పైకి లేవడానికి బద్ధకిస్తోంది. నొక్కిపట్టినట్టే లెక్క కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఎంటర్ మీద ఎంటర్ పంపుతోంది. అలా వచ్చిన నకిలీలకి కీ ఈవెంట్‌లో రిపీట్ అనే గుర్తు ఉంటుంది. గడి మారే దగ్గర ఆ గుర్తున్నవాటిని వదిలేయమన్నాను. 900 రూపాయలు పెట్టి కొత్త కీబోర్డు, దాని మీద సిలికాన్ తొడుగు కూడా కొనిపించాను. తొడుగు రెండో రోజే తీసి డ్రాయర్‌లో పడేశారు, వేళ్లకి తెలియట్లేదని. మూడోది నమ్‌లాక్, కుడి పక్క కీలు అంకెలుగా పనిచేయాలంటే వెలిగి ఉండాల్సిన కీ. పొరపాటున అది ఆరిపోతే అంకెల మీద 4 కొట్టినా ఎడమ బాణంగా వెళ్తుంది. స్క్రీన్ చూడని మనిషి ఓ లాటు మొత్తం కొట్టేదాకా ఏమీ పడలేదని తెలియదు. నమ్‌లాక్ స్థితి కీ ఈవెంట్ నుంచి అడిగి తెలుసుకోవచ్చు. ఆరి ఉంటే చిన్న బీప్ వినిపించేలా చేశాను. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు ఆయనకి పనికిరావు కదా.

రేటు ఎడిటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ కొట్లో చీటీ మీద 132 అని రాస్తే క్వింటాలు 13,200 అని. అందుకని మూడు అంకెలు కొడితే వందతో గుణించి, ఒప్పుకునే ముందు పక్కనే బూడిద రంగులో 13,200 అని చూపిస్తాను. ఒక సున్నా అటూ ఇటూ అయితే రైతు పట్టీ తలకిందులవుతుంది కాబట్టి ప్రతి రకానికీ కింది హద్దు, పై హద్దు పెట్టమని యజమాని చెప్పారు. తేజ రకానికి కింది హద్దు 14,000 ఇచ్చారు, పోయిన సీజన్ ధరలు చూసి. దాటితే ఒక హెచ్చరిక పెట్టె, ఎంటర్ కొడితే ముందుకి.

ఆ ఫిబ్రవరిలో ధరలు ఎలా పడిపోయాయో యార్డు చుట్టుపక్కల ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రైతులు రోడ్డెక్కారు, నెలాఖరుకి ధరలు పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం కింద కేంద్రం క్వింటాలుకి రూ.11,781 ధర ప్రకటించింది. మా హెచ్చరిక పెట్టె దాదాపు ప్రతి వరుసకీ లేస్తోంది. గుమస్తా గారు అలవాటు చేసేసుకున్నారు, ఎంటర్ ఎంటర్ అని రెండుసార్లు. అంటే నిజంగా తప్పు కొట్టిన రోజు కూడా అదే రెండు ఎంటర్లతో దాటిపోతుంది. హద్దు తగ్గించమంటే యజమాని ఒప్పుకోలేదు, "ఇంతకంటే పడదులే, మళ్లీ లేస్తది" అన్నారు. ఆ మాటలో సాఫ్ట్‌వేర్ కంటే ఆశే ఎక్కువ ఉంది, నేనేం వాదిస్తాను. చివరికి స్థిరమైన హద్దే తీసేసి, ఆ రోజు అదే రకానికి ముందు పడిన కొన్ని రేట్లతో పోల్చేలా మార్చాను. వాటికి బాగా దూరంగా ఉంటేనే ఆపుతుంది, అప్పుడు కూడా ఎంటర్‌తో దాటదు, రేటు మళ్లీ ఒకసారి కొట్టాలి. తాలు కాయకి (రంగు పోయిన నాసి కాయ) విడిగా లెక్క, దాని రేటు ఎప్పుడూ కిందే ఉంటుంది. ఇది పెట్టాక రోజులో ఒకటీ అరా తప్ప ఆగిన సందర్భం లేదు. ఆగినవాటిలో ఒకటి 1,320 అని పడింది. గుమస్తా గారు దాన్ని నాకు ఫోటో తీసి పంపారు, మాటేమీ రాయకుండా.

మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త ఫిర్యాదులు లేవు. ఆఖరి 20 వేలు మాత్రం సీజన్ అయ్యాకే అన్న మాట మీదే ఉంది. సీజన్ ఎప్పుడయినట్టు అంటే ఒక్కోసారి ఒక్కో జవాబు. ఏప్రిల్‌లో అడిగితే మే అన్నారు, మేలో వేసవి సెలవులకి యార్డు మూసేస్తే "తెరవనీ అమ్మా" అన్నారు. డబ్బు ఎగ్గొట్టే మనుషులు కాదని తెలుసు, అయినా ప్రతిసారీ అడగాలంటే నాకే సిగ్గుగా ఉండేది. ఒప్పందంలో 'సీజన్ అయ్యాక' అని కాకుండా తేదీ రాయించుకోండి. జూన్ రెండో వారంలో 15 వేలు వచ్చాయి, నెలాఖరున మిగతా 5 వేలు.

ఫోన్‌లో ఎంట్రీ కూడా కావాలని తమ్ముడు అప్పుడే అడిగారు. కుదరదన్నాను. ఫోన్ కీబోర్డులు చాలావాటిలో ఏ కీ నొక్కారో పేజీకి సరిగ్గా తెలియదు, పైన చెప్పిన ఎంటర్ లెక్కలేవీ అక్కడ నిలబడవు. దానికి పట్టిక వద్దు, ఒక్కో బరువుకీ పెద్ద బటన్లతో వేరే స్క్రీన్ రాయాలి. లెక్కలు చూడటానికి మాత్రం ఫోన్‌లో ఇప్పటికే పనిచేస్తుంది.

జులైలో ఆ స్క్రీన్‌కీ కోల్డ్ స్టోరేజీ నిల్వ పుస్తకానికీ కలిపి కొటేషన్ పంపాను. ఈసారి ఎడిటర్లకి ఒక్కోదానికి 6 వేలు అని విడిగా చూపించాను, కొట్లో కూర్చుని సరిచేసే రోజులకి ఇంకో లైను. యజమాని ఫోన్ చేసి ఆ రెండో లైను ఎందుకని అడిగారు. వెనక నుంచి గుమస్తా గారి గొంతు వినపడింది, "అది తీయించమాకండి, అసలు పని అయ్యేది అప్పుడే" అని. యజమాని ఆ లైను ఉంచి, మొత్తంలో 4 వేలు తగ్గించారు. ఆగస్టు మొదటి వారంలో అడ్వాన్సు ఇస్తామన్నారు. తేదీ రాయించుకున్నాను.